అడగకుండానే ఆదుకున్న స్నేహితులకు కృతజ్ఞత ఎలా తెలపాలి?

డిశ్చార్జి రోజు కౌంటర్ దగ్గరికి వెళ్తే "మీ బిల్లు కట్టేశారండీ" అంటారు. కాలేజీ ఫీజు గడువు రేపనగా స్నేహితుడు ఫోన్‌పే చేస్తాడు. ఇంట్లో మనిషి పోయిన వారం రోజులూ పూటపూటకీ ఎవరో ఒకరు క్యారేజీ పట్టుకొస్తారు. మీరు అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. అప్పటికి గండం గడిచింది కానీ ఆ తర్వాత ఏం చేయాలో తెలియక చాలామంది తికమకపడతారు. క్రైస్తవ సంఘాల్లో మళ్ళీమళ్ళీ వినిపించే ప్రశ్నలివి: దేవునికి స్తోత్రం చెల్లించాం కదా, మళ్ళీ మనిషికి వేరే చెప్పాలా? సాక్ష్యంలో (దేవుడు చేసిన మేలును సంఘం ముందు చెప్పేటప్పుడు) పేరు చెప్పొచ్చా? తిరిగి ఇచ్చేయాలా? వచ్చిన దాంట్లో దశమభాగం (దేవునికిచ్చే పదోవంతు) తీయాలా?

మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే: ఇద్దరికీ చెప్పాలి. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ ఊరి సంఘం పంపిన సహాయం అందుకుని రాసిన మాటలు (ఫిలిప్పీయులకు 4:10-20) ఒకసారి తీసి చూడండి. ప్రభువునందు సంతోషించానన్నాడు, "నా శ్రమలో మీరు పాలుపుచ్చుకొనినది మంచిపని" అని వాళ్ళతోనే నేరుగా అన్నాడు, వాళ్ళు పంపిన ఎపఫ్రొదితు తెచ్చినవి అందాయని రసీదు ఇచ్చినట్టు రాశాడు, థెస్సలొనీకలో ఉన్నప్పుడు కూడా పంపారని పాత మేలు గుర్తుచేశాడు. కింద చెప్పే పద్ధతి చాలావరకు ఆ పదకొండు వచనాల్లోంచి వచ్చిందే.

దగ్గర పెట్టుకోవలసినవి

- ఒక చిన్న నోటు పుస్తకం (ఫోన్‌లో రాసుకుంటే ఫోన్ పోయినప్పుడు లెక్కా పోతుంది)
- బిల్లులు, రసీదులు, బ్యాంకు లేదా ఫోన్‌పే లావాదేవీల స్క్రీన్‌షాట్లు
- రెండు తెల్ల కాగితాలు, ఒక కవరు, పెన్ను
- ఎవరూ పిలవని ఒక అరగంట
- సంఘంలో సాక్ష్యం చెప్పదలిస్తే, పాస్టరుగారితో ముందే ఓ మాట

శాలువా, పూలదండ, ఫ్లెక్సీ ఈ జాబితాలో లేవు. ఎందుకో ముందుకెళ్తే తెలుస్తుంది.

1. అదే రోజు ఒక చిన్న మాట పంపండి

సహాయం అందిన 24 గంటల్లోపు ఫోన్ చేయండి, లేదా మెసేజ్ పెట్టండి. రెండు మూడు వాక్యాలు చాలు. ఈ మెసేజ్ పని ఒక్కటే: అందిందని చెప్పడం. డబ్బు పంపినవాడికి అది చేరిందో లేదో తెలియకపోవడమే పెద్ద ఇబ్బంది. అడుగుదామంటే మొహమాటం.

స్నేహితుడికైతే ఇలా:

"ఒరేయ్, ఇప్పుడే కౌంటర్‌లో చెప్పారు, బిల్లు నువ్వు కట్టావని. నోట మాట రాలేదు. నాన్నని ఇంటికి తీసుకెళ్తున్నాం. రేపు కూర్చుని మాట్లాడతాను. థాంక్స్ రా."

సంఘంలోని అక్కకైతే ఇలా:

"వందనాలు అక్కా. మీరు పంపిన 15 వేలు అందాయి. ఇందాకే కాలేజీలో కట్టేశాం, రసీదు పంపుతున్నాను. పాప ఏడ్చేసింది. సాయంత్రం తనే ఫోన్ చేస్తుంది."

జాగ్రత్త: చేతులు జోడించిన ఎమోజీ ఒక్కటి పంపి ఊరుకోవద్దు. ఫార్వర్డ్ చేసిన బైబిలు వాక్యం బొమ్మ అసలే వద్దు. పొద్దున్నే అందరికీ వెళ్ళే బొమ్మే తనకూ వచ్చిందని అవతలివాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది.

మీరు మాట్లాడే స్థితిలో లేకపోతే (ఐసీయూ బయట ఉన్నారు, ఇంట్లో శవం ఉంది) ఇంకొకరిచేత చెప్పించండి. అది తప్పు కాదు. మీరు తేరుకున్నాక మాత్రం స్వయంగా మాట్లాడాలి.

2. అప్పా, కానుకా? ఒక్కసారి తేల్చుకోండి

స్నేహాలు చెడేది చాలావరకు ఇక్కడే. ఇచ్చినవాడు మనసులో అప్పనుకుంటాడు, తీసుకున్నవాడు కానుకనుకుంటాడు. ఆరు నెలల తర్వాత ఇద్దరూ మాట్లాడుకోరు.

రెండు మూడు రోజుల్లో ఎదురుగానో ఫోన్‌లోనో అడగండి. "ఇది అప్పా?" అని మొహం మీద అడిగితే "ఛ, అదేం మాట" అంటారు, విషయం తేలదు. ఇలా అడగండి: "తిరిగి ఇవ్వాలనే నేను అనుకుంటున్నాను. నెలకు మూడు వేల చొప్పున ఇవ్వగలను. నీకు ఎప్పట్నించి కావాలో చెప్పు." అప్పుడు జవాబు సూటిగా వస్తుంది.

- "వద్దు, ఇది నీకిచ్చేశాను" అంటే కానుక. మళ్ళీ మళ్ళీ కదపకండి.
- "ఉన్నప్పుడు ఇద్దువులే" అంటే అప్పు. తేదీ, మొత్తం నోటు పుస్తకంలో రాయండి.
- "తర్వాత చూద్దాంలే" అంటే తేలలేదు. తేలేవరకు అప్పుగానే లెక్కపెట్టుకోండి. అప్పనుకుంటే కానుకని తేలినా నష్టం లేదు. తిరగబడితేనే చిక్కు.

"ఒకనినొకడు ప్రేమించుట విషయములో తప్ప మరేమియు ఎవనికిని అచ్చియుండవద్దు" (రోమీయులకు 13:8) అన్నది అప్పుకు సంబంధించిన మాట. దాన్ని చూపించి కానుకను బలవంతంగా తిరిగి ఇచ్చేయకండి. కానుకను డబ్బు రూపంలో వెనక్కి ఇవ్వడమంటే, వాళ్ళ మీద తలుపు వేసినట్టే.

పెద్ద మొత్తమైతే ఒక విషయం తెలుసుకోండి. ఆదాయపు పన్ను చట్టంలో స్నేహితులు బంధువుల లెక్కలోకి రారు. బంధువులు కానివాళ్ళ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన కానుకలు మొత్తం 50 వేలు దాటితే, దాటిన భాగం మీదే కాదు, మొత్తం మీద పన్ను లెక్క కట్టాలి. పెళ్ళి సందర్భంగా మీకు వచ్చిన కానుకలకు మినహాయింపు ఉంది. ఒకరి దగ్గర ఒక రోజులో 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం కూడా కుదరదు. నలుగురైదుగురు స్నేహితులు కలిసి పెద్ద మొత్తం సర్దుతుంటే ముందే ఆడిటర్‌ని అడగండి.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న మిత్రులు పంపుతుంటే మీ సొంత ఖాతాకే బ్యాంకు ద్వారా పంపమనండి. "సంఘం అకౌంటుకు వేస్తాం, అందులోంచి తీసుకో" అంటే ఒప్పుకోవద్దు. సంఘాలు, ట్రస్టులు విదేశీ విరాళాలు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి, దానికి వేరే ఖాతా ఉండాలి. మీ అవసరం కోసం పాస్టరుగారిని చిక్కుల్లో పెట్టినవాళ్ళవుతారు.

3. ఇంట్లో ప్రార్థన చేయండి, పేరు పెట్టి

అదే రాత్రి కుటుంబ ప్రార్థనలో చేయండి. "మాకు సహాయం చేసిన వారందరినీ దీవించు" అని గంపగుత్తగా వద్దు. పేరు చెప్పండి, ఏం చేశారో చెప్పండి, వాళ్ళకేం కావాలో మీకు తెలిసింది అడగండి. వాళ్ళ అబ్బాయికి ఉద్యోగం రావాలి, అత్తగారి మోకాళ్ళ నొప్పి తగ్గాలి, ఇలా. పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి. 103వ కీర్తన మొదటి ఐదు వచనాలు చదివితే చాలు. ఇల్లు ప్రశాంతంగా ఉంటే 116వ కీర్తన మొత్తం చదవండి. అందులో పన్నెండో వచనం మీరు అడుగుతున్న ప్రశ్నే: ఆయన చేసిన ఉపకారాలన్నిటికీ ఏమి చెల్లించాలి?

వాళ్ళకేం కావాలో ప్రార్థనలో చెప్పబోతే ఏమీ తోచకపోతే అది కూడా పనికొచ్చే సమాచారమే. ఈసారి కలిసినప్పుడు మీ కష్టాలు చెప్పకుండా వాళ్ళ సంగతులు అడగండి.

4. ఎవరెవరు ఏం చేశారో రాసుకోండి

యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగుల్లో కృతజ్ఞత చెప్పడానికి తిరిగి వచ్చింది ఒక్కడు (లూకా 17). తక్కిన తొమ్మిదిమంది చెడ్డవాళ్ళని అక్కడ రాసిలేదు. ఇంటికి వెళ్ళే హడావుడిలో పడిపోయి ఉంటారు. మన ఇళ్ళలోనూ జరిగేది అదే. డబ్బిచ్చినవాడు గుర్తుంటాడు, రాత్రంతా ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నవాడు గుర్తుండడు.

నోటు పుస్తకంలో ఒక పేజీని ఐదు గళ్ళుగా గీయండి: డబ్బు, భోజనం, రక్తం, సమయం, మాట. "మాట" అంటే సరైన డాక్టరు దగ్గరికి పంపినవాళ్ళు, ఆఫీసులో సెలవు ఇప్పించినవాళ్ళు, వచ్చి ప్రార్థన చేసి వెళ్ళినవాళ్ళు. ఇంట్లో అందరూ కూర్చుని నింపండి. ఒక్కరే రాస్తే సగం పేర్లు తప్పిపోతాయి. ముఖ్యంగా స్త్రీల కూడిక నుంచి వచ్చి వంటింటి పని చూసినవాళ్ళ పేర్లు మగవాళ్ళకు తెలియవు.

ప్రతి పేరు ఎదురుగా తేదీ, ఏం చేశారు, కృతజ్ఞత చెప్పామా లేదా అన్నవి రాయండి. ఇది వడ్డీతో తిరిగి ఇచ్చే చదివింపుల పుస్తకం కాదు. ఎవరినీ మరచిపోకుండా ఉండటానికి మాత్రమే.

రక్తం ఇచ్చినవాళ్ళ దగ్గర తేదీ తప్పకుండా వేయండి. మగవాళ్ళు 90 రోజులు, ఆడవాళ్ళు 120 రోజులు ఆగితేగాని మళ్ళీ ఇవ్వకూడదు. పోయినసారి ఇచ్చాడు కదా అని నెల తిరక్కుండా అదే కుర్రాణ్ణి ఇంకొకరి కోసం పిలవడం కృతజ్ఞత అనిపించుకోదు.

5. చేత్తో ఒక ఉత్తరం రాయండి

వారం లోపల. మెసేజ్ ఉండగా ఉత్తరం దేనికంటారా? మెసేజ్ కిందికి జారిపోతుంది. ఉత్తరాన్ని బైబిల్లో పెట్టుకుంటారు. ఒక పేజీ దాటవద్దు. రాసే వరుస ఇది:

ఒకటి, వాళ్ళు చేసింది చేసినట్టు చెప్పండి. "మీ సహాయానికి" అని ఆపేయకండి. "గురువారం రాత్రి పదకొండింటికి వచ్చి, అడ్మిషన్‌కు 20 వేలు కట్టి, మా తమ్ముడు వచ్చేదాకా కూర్చున్నందుకు" అని రాయండి.

రెండు, అప్పుడు మీ పరిస్థితి ఏమిటో ఒక్క వాక్యంలో. "మా దగ్గర అప్పటికి 6 వేలే ఉన్నాయి. గాజులు తాకట్టు పెట్టాలా అని అనుకుంటున్నాం." ఇక్కడ ఎక్కువ రాయకూడదు. రాస్తే కృతజ్ఞత పోయి అర్జీ అవుతుంది.

మూడు, దానివల్ల ఏం జరిగింది. ఆపరేషన్ ఏ రోజు అయింది, ఇప్పుడు మనిషి ఎలా ఉన్నారు, ఎంత దూరం నడుస్తున్నారు.

నాలుగు, ఇద్దరికీ చెప్పండి. ముందు "మీకు థాంక్స్", తర్వాత "మిమ్మల్ని మాకిచ్చిన దేవునికి స్తోత్రం". "మీరేం చేయలేదు, దేవుడే మిమ్మల్ని వాడుకున్నాడు" అనే మాట చాలామంది భక్తితోనే అంటారు కానీ, అటువైపు వినేవాడికి తనొక పనిముట్టు అయినట్టు ఉంటుంది. పౌలు అలా రాయలేదు. వాళ్ళు పంపినవి దేవునికి ఇష్టమైన యాగమని రాశాడు. యాగమంటే అర్పించినవాళ్ళు ఉంటారు కదా.

ఐదు, ఒక చిన్న దీవెన. ఆపేయండి.

నమూనా:

"ప్రియమైన సుజాతక్కకు, వందనాలు. అమ్మ పోయిన తర్వాత ఎనిమిది రోజులు మధ్యాహ్నం భోజనం మీ ఇంటి నుంచే వచ్చింది. రెండో రోజు మేం వద్దన్నా వినకుండా నాన్నకి విడిగా, ఉప్పు తగ్గించి పంపారు. ఆ వారంలో ఆయన సరిగ్గా తిన్నది ఆ అన్నమే. ఇప్పుడు పొద్దున్నే లేచి గుడి దాకా నడుస్తున్నారు, ఆదివారం ఆరాధనకు కూడా వచ్చారు. మీకు, బావగారికి మా అందరి తరఫున కృతజ్ఞతలు. మీ ఇంటిని మాకు పొరుగున పెట్టిన దేవునికి స్తోత్రం. పిల్లల పరీక్షల కోసం ప్రార్థిస్తున్నాం."

ఉప్పు తగ్గించి పంపారన్న ఒక్క మాటే ఈ ఉత్తరాన్ని నిలబెడుతుంది. చూశారు, గమనించారు అని దాంతోనే తెలుస్తుంది.

రాయడం రానివాళ్ళు, అలవాటు లేనివాళ్ళు ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పంపొచ్చు. వరుస అదే. చదువుకునే పిల్ల కోసం ఫీజు కట్టి ఉంటే ఉత్తరం ఆ పిల్లే రాయాలి. మీరు చెప్పి రాయించకండి, అక్షర దోషాలు ఉన్నా దిద్దకండి.

వాడకూడని మాటలు కొన్ని:

- "మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేం." సినిమాల్లోంచి నాలుక మీదికి వచ్చేస్తుంది. అవతలివాళ్ళ మీద బరువు పెడుతుంది. పైగా ఇంకో జన్మ ఉందని మనం నమ్మం కూడా.
- "దేవుడిలా వచ్చారు." విశ్వాసులకు ఇబ్బందిగా ఉంటుంది.
- "మీరు తప్ప మాకెవరూ లేరు." ఇది కృతజ్ఞత కాదు, వచ్చే నెల అవసరానికి ముందే వేసిన కర్చీఫు.
- "మా సొంత అన్నదమ్ములే పట్టించుకోలేదు, మీరు..." ఒకరిని పొగడటానికి ఇంకొకరిని తిట్టాల్సిన పని లేదు. ఆ మాట వారంలో అన్నదమ్ముల చెవిన పడుతుంది.

6. సంఘంలో సాక్ష్యం: ముందు అడగండి

పేరు చెప్పొచ్చా అంటే, అనుమతి లేకుండా చెప్పకండి. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట (మత్తయి 6:3) ఇచ్చేవాళ్ళకు చెప్పింది. దాన్ని పాటిద్దామని వాళ్ళు చూస్తుంటే మీరు మైకులో చెప్పేస్తే ఎలా? ఇంకో నష్టం కూడా ఉంది. "ఫలానా బ్రదర్ 80 వేలు కట్టారు" అని ఆదివారం చెబితే, సోమవారం నుంచి ఆ బ్రదర్ ఇంటికి అప్పు అడిగేవాళ్ళు వరస కడతారు.

చేయవలసింది:

- శనివారంలోపు స్నేహితుణ్ణి అడగండి: "రేపు సాక్ష్యం చెబుతున్నాను. నీ పేరు చెప్పనా, వద్దా?" అతను తటపటాయిస్తే వద్దన్నట్టే.
- మొత్తం ఎంతో ఏ పరిస్థితిలోనూ చెప్పకండి. పేరు చెప్పడానికి ఒప్పుకున్నా సరే.
- మూడు నిమిషాలకు మించకండి. ముందు రాసుకుని, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని ఇంట్లో ఒకసారి చదవండి. రాయకుండా మొదలుపెట్టిన సాక్ష్యం పది నిమిషాలకు తక్కువ ఆగదు, సగం జబ్బు వర్ణనకే పోతుంది.
- పేరు వద్దంటే "ఒక స్నేహితుడు" అనండి, అంతే. "పేరు చెప్పను గానీ ఆ ముందు వరసలో కూర్చున్నారు" లాంటి సూచనలు వద్దు. నలుగురూ అటు తిరిగి చూస్తారు.
- సాక్ష్యం యూట్యూబ్‌లో లైవ్ వెళ్తోందేమో కనుక్కోండి. మీ ఆరోగ్య వివరాలు, మీ స్నేహితుడి పేరు ఊరంతటికీ చేరాల్సిన పని లేదు.

శాలువా సంగతి ఇక్కడ. సహాయం చేసినవాళ్ళను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టడం ఈమధ్య అలవాటైంది. రాజకీయ సభలకు అది బాగుంటుంది. గుట్టుగా ఇచ్చిన మనిషిని సభలో నిలబెడితే, తర్వాత ఇంకెవరికైనా ఇవ్వాలన్నా ఆలోచిస్తాడు.

7. కృతజ్ఞత కానుక, కృతజ్ఞత కూడిక

కానుక కవరు మీద మీ పేరు, "ఆరోగ్యం కోసం కృతజ్ఞత" అని రాస్తే చాలు. చాలా సంఘాల్లో కవర్లు చదివి వినిపిస్తారు కాబట్టి స్నేహితుడి పేరు దాని మీద రాయకండి.

దశమభాగం ప్రశ్న: ఫీజు కోసం ఇచ్చిన డబ్బు ఫీజుకే వెళ్ళాలి, మందుల కోసం ఇచ్చింది మందులకే. అందులోంచి పదోవంతు తీసి కానుక వేస్తే, మందులకు పదోవంతు తగ్గుతుంది, ఇచ్చినవాడి ఉద్దేశమూ పక్కకు పోతుంది. కృతజ్ఞత కానుక మీ సొంత సంపాదనలోంచి తీయండి. వంద రూపాయలైనా సరే. మీ సంఘంలో పద్ధతి వేరుగా ఉంటే పాస్టరుగారితో మాట్లాడండి, కానీ ముందు బిల్లు కట్టండి.

కూడిక పెడితే చిన్నది పెట్టండి. స్నేహితుడు ఆసుపత్రి బిల్లు కట్టిన రెండు నెలలకే షామియానా వేసి 200 మందికి బిర్యానీ పెడితే అతని మనసులో ఏమనుకుంటాడో మీరే ఆలోచించండి. బయటికి అనడు. జబ్బుకు లేని డబ్బు భోజనాలకు ఎక్కడిదని ఊరు మాత్రం అంటుంది.

20 మందికి సరిపడే కూడిక: సాయంత్రం ఒక గంట. ఒక పాట, కీర్తన పఠనం, ఐదు నిమిషాల సాక్ష్యం, పాస్టరుగారి చిన్న వర్తమానం (ప్రసంగం), ప్రార్థన, తర్వాత పులిహోర, టీ. పులిహోరకు మనిషికి 100 గ్రాముల లెక్కన 2 కిలోల బియ్యం. టీకి లీటరుంపావు పాలు, లీటరు నీళ్ళు. నాలుగో మెట్టులో రాసుకున్న పేజీ తీసి, ఐదు గళ్ళలో ఉన్నవాళ్ళందరినీ పిలవండి. డబ్బిచ్చినవాళ్ళను మాత్రమే పిలిస్తే క్యారేజీ తెచ్చినవాళ్ళకు తెలిసిపోతుంది.

లేవీయకాండం 7వ అధ్యాయంలో కృతజ్ఞతార్పణ మాంసం ఆ రోజే తినేయాలి, తెల్లవారేదాకా మిగల్చకూడదని ఉంది. ఒక్క ఇంటివాళ్ళు ఒక్క రోజులో తినలేరు కాబట్టి పదిమందినీ పిలవక తప్పదు. మీ పులిహోరకూ అదే నియమం పెట్టుకోండి. మిగిలితే ఆ రాత్రే పక్కింటికి పంపండి.

8. డబ్బు ఏమైందో చెప్పండి

ఉత్తరం రాసినవాళ్ళు కూడా ఇది మరచిపోతారు. నెల తిరిగేసరికి, అడగకుండానే, ఒక్కసారి చెప్పండి: ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది.

మిగిలితే దాచకండి. ఆసుపత్రి అడ్వాన్సులో కొంత వెనక్కి వస్తుంది. ఇన్సూరెన్సు క్లెయిము ఆలస్యంగా పాసవుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి చెప్పనక్కర్లేదు, ఎప్పటికో వస్తుంది, కాలేజీ కట్టించుకున్న డబ్బు తిరిగి ఇస్తుంది. ఆ డబ్బు రాగానే ఇచ్చినవాళ్ళకు ఫోన్ చేయండి: "నువ్వు కట్టిన ఫీజులో 12 వేలు వెనక్కొచ్చాయి. నీకు పంపనా, వచ్చే సెమిస్టరుకు ఉంచనా, ఇంకెవరికైనా ఇమ్మంటావా?" నిర్ణయం వాళ్ళది. ఇది కాలేజీ క్లర్కు ద్వారా వాళ్ళకు తెలిస్తే, మీరు రాసిన ఉత్తరం ఎంత బాగున్నా పనిచేయదు.

9. తిరిగి ఏదైనా ఇవ్వాలనిపిస్తే ఆగండి

అందిన వారంలోనే స్వీట్ బాక్సు, చీర పట్టుకెళ్తే లెక్క సరిచేసినట్టుంటుంది. ఒకట్రెండు నెలలు ఆగండి. వెల ఎక్కువది వద్దు, చేతి పని ఉన్నది మేలు. వేసవిలో ఓ సీసా ఆవకాయ, గేదె ఈనితే జున్ను పాలు, క్రిస్మస్‌కు మీ ఇంట్లో వండిన పిండివంటలు. వడ్రంగి అయితే వాళ్ళింట్లో ఊగుతున్న బల్ల సరిచేయొచ్చు. ట్యూషన్ చెప్పగలిగితే పిల్లలకు చెప్పొచ్చు. వాళ్ళకు అవసరం వచ్చినప్పుడు మొదట చేరే ఇల్లు మీదైతే అంతకంటే కావలసిందేముంది.

అవసరంలో ఉన్న మూడో మనిషికి ఇవ్వడం కూడా ఒక దారి. కానీ అది స్నేహితుడికి చెప్పాల్సిన థాంక్స్‌కు బదులు కాదు, అదనం.

ఒక హద్దు: కృతజ్ఞత వేరు, ఓటు వేరు. సంఘం కమిటీ ఎన్నికల్లో "నీకోసం అంత చేశాను" అని ఎవరైనా గుర్తుచేస్తే, చేసిన మేలుకు మళ్ళీ ఒకసారి థాంక్స్ చెప్పి, ఓటు మీకు సరైనదనిపించినవాళ్ళకే వేయండి. తప్పుడు సంతకం, అబద్ధపు సాక్ష్యం, సంబంధం ఒప్పుకోమనడం ఇవన్నీ ఈ కోవలోవే.

సరిగ్గా చేశామా? ఇలా చూసుకోండి

- ఉత్తరంలో పేరు చెరిపేసి చదవండి. ఇంకెవరికైనా పంపగలిగేలా ఉంటే అది సరిపోలేదు, మళ్ళీ రాయండి.
- "నేను, మాకు, మా" ఎన్నిసార్లు వచ్చాయో, "నువ్వు, మీరు" ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. మొదటివి రెట్టింపు ఉంటే అది మీ కష్టాల కథ అయింది.
- బజారులో ఆ స్నేహితుడు ఎదురొస్తుంటే పక్క సందులోకి తిరగాలనిపిస్తోందా? అయితే రెండో మెట్టు తేలలేదు. అప్పా కానుకా అన్నది వెంటనే తేల్చుకోండి.
- అతను మునుపటిలాగే మీ మీద జోకులు వేస్తున్నాడా, మీ ఇంట్లో టీ అడిగి తాగుతున్నాడా? బాగుంది. మొహమాటంగా, ముక్తసరిగా మాట్లాడుతుంటే మీరు అతిగా పొగిడి ఉంటారు. కొన్నాళ్ళు ఆ విషయమే ఎత్తకండి.
- నోటు పుస్తకం పేజీలో ఎదురుగా టిక్కు లేని పేర్లున్నాయా? ఎంత ఆలస్యమైనా చెప్పొచ్చు. "అప్పుడే చెప్పాల్సింది" అని ఒక్క మాట అని అసలు విషయానికి రండి. ఆలస్యానికి అరపేజీ సంజాయిషీ వద్దు.

కొన్ని ప్రత్యేక సందర్భాలు

ఇచ్చిందెవరో తెలియకపోతే: కవరు పాస్టరుగారి ద్వారా వచ్చిందనుకోండి. ఎవరో చెప్పమని ఆయన్ని పీడించకండి, చేతిరాత పోల్చి చూడకండి. పేరు లేకుండా ఉత్తరం రాసి ఆయనకే ఇవ్వండి, చేరవలసిన చోటికి చేరుస్తారు. తర్వాత ఎప్పుడైనా తెలిసినా, వాళ్ళంతట వాళ్ళు ఎత్తితే తప్ప తెలియనట్టే ఉండండి.

ఆదుకున్నది హిందూ, ముస్లిం మిత్రులైతే: పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి. ఉత్తరంలో మీ ప్రార్థన గురించి ఒక వాక్యం ఉండొచ్చు, అది మీ నిజమైన మాట కాబట్టి. కానీ కరపత్రం కలిపి పంపకండి, కూడికకు పిలిచి వర్తమానం మొత్తం వాళ్ళ వైపు తిప్పకండి. థాంక్స్ చెప్పడానికి పిలిచి సువార్త చెప్పారనుకుంటే ఆ థాంక్స్ పోయినట్టే. తిరిగి వచ్చి యేసు పాదాల దగ్గర పడ్డవాడు సమరయుడని, అంటే యూదులు పరాయివాడిగా చూసేవాడని, లూకా ప్రత్యేకంగా రాశాడు. అలాగే, వాళ్ళ పండుగకు వాళ్ళు తినేవే తీసుకెళ్ళండి. శాకాహారుల ఇంటికి క్రిస్మస్ కేకు తీసుకెళ్తుంటే గుడ్డు లేనిది చూసుకోండి.

తీసుకోలేని సహాయమైతే: తమ స్తోమతకు మించి ఇస్తున్నారనో, వాళ్ళ ఇంట్లో గొడవ అవుతుందనో తెలిస్తే పూర్తిగా తోసేయకండి. "ఇంత వద్దు, ఈ నెల మందులకు 2 వేలు ఇస్తే చాలు" అని తగ్గించి తీసుకోండి. భార్యకు తెలియకుండా భర్త, భర్తకు తెలియకుండా భార్య ఇస్తున్న పెద్ద మొత్తం మాత్రం, ఇద్దరికీ తెలిసేదాకా ముట్టుకోకండి.

మీరు చెప్పేలోపే ఆ మనిషి పోతే: ఇంటివాళ్ళకు చెప్పండి. తను పారిపోతున్న రోజుల్లో పరుపులు, పాత్రలు, గోధుమలు తెచ్చి ఆదుకున్న బర్జిల్లయి కుమారులను నీ బల్ల దగ్గర భోజనం చేయనివ్వమని దావీదు రాజు తన కొడుకు సొలొమోనుకు చెప్పి మరీ కన్నుమూశాడు (1 రాజులు 2:7). సమాధి కార్యక్రమం రోజు గుంపులో చెబితే ఎవరికీ వినపడదు. రెండు మూడు వారాలు ఆగి, ఇంటికి వెళ్ళి, పిల్లలు ఉన్నప్పుడు చెప్పండి: మీ నాన్న ఫలానా రోజు మాకిది చేశారని. అందులో అప్పు ఏమైనా మిగిలి ఉంటే నోటు పుస్తకం వెంట తీసుకెళ్ళి, ఎంతో, ఎప్పటిలోగా ఇస్తారో కూడా చెప్పండి. ఆ అప్పు సంగతి ఇంట్లోవాళ్ళకు తెలియకపోవచ్చు.